క్యాన్సర్ ఉన్న పిల్లల క్యాంపులు: వాలంటీర్ల నుంచి నిజంగా ఏం కావాలి?

క్లుప్తంగా: క్యాన్సర్ ఉన్న పిల్లల కోసం ప్రత్యేక క్యాంపులు 1970ల చివర్లో అమెరికాలో ఊపందుకుని ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. బయటివారికి కనిపించేది ఆటలు, పాటలు. వాటిని సాధ్యం చేసేది డాక్టర్లు, నర్సులు, శిక్షణ, గట్టి నియమాలు. వాలంటీరు ఆ ఏర్పాటులో ఒక భాగం. మన దగ్గర రోజుల తరబడి బస చేయించే క్యాంపులు అరుదు. ఇక్కడి అవసరం ఆసుపత్రి వార్డుల్లో, కుటుంబాలు ఉండే వసతి కేంద్రాల్లో ఉంది. అక్కడికి వారం వారం తప్పకుండా వచ్చే మనుషులు కావాలి.

ఏటా ఫిబ్రవరి 15న అంతర్జాతీయ బాలల క్యాన్సర్ దినం వస్తుంది. సెప్టెంబరు నెలంతా ఇదే అంశంపై అవగాహన కార్యక్రమాలు జరుగుతాయి. ఆ రోజుల్లో ఆఫీసుల నుంచి, కాలేజీల నుంచి సేవ చేస్తామంటూ ముందుకొచ్చేవారు పెరుగుతారు. "ఇరవై మందిమి వస్తాం, పిల్లలతో ఒక పూట గడుపుతాం, కేక్ కట్ చేయిస్తాం" అన్నది మామూలుగా వచ్చే ప్రతిపాదన. దానికి 'వద్దండీ' అనో, 'ఇద్దరు రండి చాలు' అనో జవాబు వస్తే నొచ్చుకునేవారున్నారు. మంచి పని చేద్దామని వస్తే కాదనడమేమిటని వారి బాధ. విదేశాల్లో ఇలాంటి క్యాంపులకు దరఖాస్తు పెట్టుకునే తెలుగు విద్యార్థులదీ ఇదే అయోమయం. పిల్లల్ని ఆడించే పనికి నేరచరిత్ర తనిఖీ ఎందుకు, టీకాల వివరాలు ఎందుకు, ఫోన్ పక్కన పెట్టేయమనడం ఎందుకు? ఈ నియమాలన్నీ క్యాంపు పనిచేసే తీరులోంచే పుట్టాయి. ఆ తీరు తెలిస్తే ఏ నియమం ఎందుకుందో అర్థమవుతుంది.

బతికే పిల్లలు పెరిగాక వచ్చిన ప్రశ్న

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. వార్డుల్లో దీన్ని ఏఎల్ఎల్ అంటారు. 1960ల మొదట్లో ఇది సోకిన పిల్లల్లో పూర్తిగా కోలుకునేవారు నూటికి పది మంది కూడా ఉండేవారు కాదు. రకరకాల మందుల్ని కలిపి ఒక క్రమంలో ఇచ్చే పద్ధతులు స్థిరపడ్డాక పరిస్థితి తిరగబడింది. ఇప్పుడు సంపన్న దేశాల్లో నూటికి 90 మంది దాకా బయటపడుతున్నారు. అయితే ఆ చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది.

అంటే ఆరేళ్ల పాపకు జబ్బు బయటపడితే మందులు ఆపేసరికి ఆ పాపకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు వస్తాయి. ఈలోగా బడి పోతుంది. తోటి పిల్లలు రెండు తరగతులు ముందుకెళ్లిపోతారు. జుట్టు ఊడుతుంది, స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బుతుంది. ఏం తినాలి, ఎవరితో ఆడాలి, బయటికి వెళ్లాలా వద్దా, ఏ ఒక్కటీ పాప చేతిలో ఉండదు. ఇంట్లో అన్నో చెల్లో ఉంటే అమ్మానాన్నల ధ్యాసంతా ఆసుపత్రి మీదే ఉండటంతో వాళ్లు ఒంటరివాళ్లవుతారు. మామూలు వేసవి శిబిరాలు ఈ పిల్లల్ని చేర్చుకోవడానికి వెనకాడతాయి. నడిరాత్రి జ్వరం వస్తే చూసేదెవరన్న భయం వాళ్లది.

ఈ ఖాళీలోంచే ప్రత్యేక క్యాంపులు వచ్చాయి. మెదడులో కణితి వచ్చిన తన కూతురి ఒంటరితనం చూసి గ్యారీ మెర్విస్ అనే తండ్రి 1979లో న్యూయార్క్ రాష్ట్రంలో 'క్యాంప్ గుడ్ డేస్' మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలో వెరా ఎంట్‌విసిల్ 1983లో 'క్యాంప్ క్వాలిటీ' స్థాపించారు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1988లో కనెక్టికట్ రాష్ట్రంలోని ఆష్‌ఫర్డ్ దగ్గర 'హోల్ ఇన్ ద వాల్ గ్యాంగ్ క్యాంప్' తెరిచారు. తన ఆహార ఉత్పత్తుల కంపెనీ లాభాల్ని సేవకే ఇచ్చేసిన వ్యక్తి ఆయన. ఆయన ప్రోత్సాహంతోనే 1994లో ఐర్లండ్‌లోని కిల్డేర్ కౌంటీలో ఒక పాత కోటలో 'బారెట్స్‌టౌన్' మొదలైంది. న్యూమన్ ప్రేరణతో వచ్చిన క్యాంపులు ఇప్పుడు 'సీరియస్‌ఫన్' అనే సమాఖ్య కింద ఉన్నాయి. ఈ సమాఖ్యలోని ఏ క్యాంపులోనూ కుటుంబాల దగ్గర డబ్బు తీసుకోరు. తోబుట్టువుల కోసం విడిగా నడిపే క్యాంపులూ ఉన్నాయి.

క్యాంపు ఎలా పనిచేస్తుంది

ఈ క్యాంపుల్లో ఎక్కువ భాగం 'థెరప్యూటిక్ రిక్రియేషన్' అనే పద్ధతి మీద నడుస్తాయి. ఆటను చికిత్సకు తోడు తీసుకోవడం దీని సారాంశం. బారెట్స్‌టౌన్‌లో దీన్ని నాలుగు మెట్లుగా చెబుతారు: సవాలు, విజయం, నెమరు వేసుకోవడం, తన గురించి తాను కొత్తగా తెలుసుకోవడం.

గోడ ఎక్కే ఆటను చూస్తే ఈ నాలుగు మెట్లూ తేలిగ్గా తెలుస్తాయి. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు కాళ్ల, చేతుల నరాల్ని బలహీనపరుస్తుంది. కొందరు పిల్లలు నడిచేటప్పుడు పాదం ముందు భాగాన్ని సరిగ్గా ఎత్తలేరు. అలాంటి బాబు నడుముకు బెల్టు కట్టుకుని ఎత్తయిన గోడ ముందు నిలబడతాడు. తాడు పట్టుకున్న వాలంటీరు "పైదాకా ఎక్కు" అనడు. "ఎంతదాకా ఎక్కుదాం?" అని అడుగుతాడు. బాబు మూడో మెట్టు చూపిస్తాడు. మూడో మెట్టు దాకా ఎక్కితే అతని లెక్క పూర్తయినట్టే, కింద ఉన్నవాళ్లంతా చప్పట్లు కొడతారు. నాలుగోది ఎక్కాలా వద్దా అన్నది మళ్లీ అతని ఇష్టం. రాత్రి పడుకునే ముందు గదిలో అందరూ గుండ్రంగా కూర్చుని ఆ రోజు ఏం చేశారో చెప్పుకుంటారు. అప్పుడు ఆ మూడు మెట్ల సంగతి తన నోటితో తాను చెబుతాడు. భయమేసినా ఎక్కానన్న మాట వాడికి వాడే వింటాడు.

ఇక్కడ గమనించాల్సింది ఎంపిక. నెలల తరబడి ఏ సూది ఎప్పుడు పొడుస్తారో కూడా తన చేతుల్లో లేని పిల్లవాడికి, ఎంత ఎత్తు ఎక్కాలో తానే తేల్చుకునే వీలు దొరికింది. ఆట ఎంత పెద్దది, సామగ్రి ఎంత ఖరీదైనది అన్నది అంత ముఖ్యం కాదు. వాలంటీరు తొందరపడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బలవంతపెడితే అదే గోడ మరో ఆసుపత్రి గదిలా మారుతుంది.

రెండోది తోటివాళ్ల సాయం. టిఫిన్ బల్ల దగ్గర పది మంది పిల్లలు ఒకేసారి మాత్రలు మింగుతుంటే మాత్ర మింగడం వింతగా అనిపించదు. టోపీ తీసేస్తే గుండు కనిపిస్తుందన్న బెంగ ఉండదు. నిరుడు చికిత్స ముగించుకున్న పన్నెండేళ్ల పాప ఈత కొడుతూ కనిపిస్తే, ఇంకా కీమోలో ఉన్న ఎనిమిదేళ్ల పాపకు ముందున్న రోజులు కళ్లెదుట కనిపిస్తాయి. డాక్టరు ఎంత చెప్పినా ఆ నమ్మకం రావడం కష్టం.

మూడోది వైద్యాన్ని కనబడకుండా దగ్గరే ఉంచడం. హోల్ ఇన్ ద వాల్ క్యాంపు అంతా పాత కౌబాయ్ ఊరిలా కట్టారు. అందులోని ఆసుపత్రికి 'ఓకే కొరాల్' అని పేరు. లోపల మాత్రం పూర్తిస్థాయి వైద్య ఏర్పాట్లుంటాయి, డాక్టర్లు, నర్సులు రోజంతా అందుబాటులో ఉంటారు. అమ్మానాన్నలు పిల్లల్ని వారం పాటు వదిలి వెళ్లడానికి ధైర్యం చేసేది ఈ భరోసాతోనే. చాలా కుటుంబాలకు జబ్బు బయటపడ్డాక కంటినిండా నిద్రపోయే మొదటి వారం కూడా అదే కావచ్చు.

వాలంటీరు పని ఏమిటి, ఏది కాదు

ఇలాంటి క్యాంపుల్లో వాలంటీర్లు సాధారణంగా ఒక విడత మొత్తం, అంటే దాదాపు వారం రోజులు, పిల్లలతో పాటే ఉంటారు. అదే గదిలోనో పక్క గదిలోనో పడుకుంటారు. పళ్లు తోమించడం, సన్‌స్క్రీన్ రాయించడం, అన్నం దగ్గర పక్కన కూర్చోవడం, ఆటకు తీసుకెళ్లడం, అలిసిపోతే వెనక్కి తీసుకురావడం, రాత్రి భయపడితే లేచి కూర్చోవడం వీళ్ల పని. అందులో ఎక్కువ భాగం ఎవరికీ కనిపించదు, ఫొటోకు పనికిరాదు. క్యాంపు నడిచేది మాత్రం దానివల్లే.

వైద్యం వాలంటీరు పని కాదు, కానీ గమనించడం వాలంటీరు పనే. రోజంతా పక్కనే ఉండేది వాళ్లే కాబట్టి ముందుగా పసిగట్టగలిగేదీ వాళ్లే. ఒంటి మీద కొత్తగా కమిలిన మచ్చలు, పళ్ల చిగుళ్ల నుంచి రక్తం, వణుకు, ఉన్నట్టుండి ఆట మానేసి ముడుచుకుని కూర్చోవడం వంటివి కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పాలి. ఒళ్లు వెచ్చగా ఉందని బ్యాగులోంచి పారాసెటమాల్ తీసి వేయడం పెద్ద పొరపాటు. కీమోలో ఉన్న పిల్లలకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం అత్యవసర పరిస్థితి. రక్తపరీక్ష చేసి గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాల్సి రావచ్చు. మాత్రతో జ్వరం తగ్గినట్టు కనిపిస్తే ఆ గంట చేజారిపోతుంది. ఐబుప్రోఫెన్, యాస్ప్రిన్ లాంటివి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి కాబట్టి ఆ ప్రమాదం వేరు.

మాటల విషయంలోనూ కొన్ని హద్దులున్నాయి. జబ్బు పేరేమిటి, ఎన్నాళ్లయింది, ఎప్పుడు తగ్గుతుందట అని వాలంటీరు అడగకూడదు. పిల్లలు తామే చెబితే వినాలి. "నీకేం కాదు, తగ్గిపోతుంది" అన్న మాట మనవాళ్ల నోట అలవోకగా వస్తుంది. అది ఇవ్వలేని హామీ. పిల్లల ముందే 'పాపం' అనడం అంతకన్నా బరువైన మాట. ఆ ఒక్క మాటతో క్యాంపు కష్టపడి కట్టినదంతా కూలిపోయి పిల్లవాడు మళ్లీ రోగి అయిపోతాడు.

ఏ పెద్దవారూ ఒక్క పిల్లతో ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట ఉండకూడదన్నది ఇలాంటి క్యాంపుల్లో గట్టిగా పాటించే నియమం. విడిగా బహుమతులివ్వడం, ఫోన్ నంబర్లు తీసుకోవడం, క్యాంపు అయ్యాక సోషల్ మీడియాలో పిల్లలతో మాట్లాడటం కూడా వద్దంటారు. ఇందులో పిల్లల రక్షణ ఒక కారణం. ఇంకోటి, వారం రోజుల్లో ఏర్పడే అనుబంధం చాలా గాఢంగా ఉంటుంది. "మళ్లీ వస్తా" అని చెప్పి రాని అన్నయ్య, అక్క ఆ పిల్లలకు ఇంకో నష్టం. ఇప్పటికే వార్డులో పక్క మంచం స్నేహితుల్ని పోగొట్టుకున్న పిల్లలు వీళ్లలో ఉంటారు.

జలుబుంటే రావద్దని ఎందుకంటారు

వాలంటీర్లను వెనక్కి పంపడానికి ఎక్కువసార్లు కారణమయ్యేది ఇదే. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాల్ని చంపుతాయి. ఎముక మజ్జలో రక్తకణాల్ని తయారుచేసే కణాలు కూడా అలాంటివే. అందుకని మందు ఎక్కించిన కొన్ని రోజులకు తెల్లరక్తకణాలు పడిపోతాయి. వార్డుల్లో తల్లులు "కౌంట్ పడిపోయింది" అనేది దీన్నే. వీటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం సూక్ష్మజీవులతో పోరాడుతుంది. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 1500 పైన ఉండాల్సిన ఈ కణాలు 500 కిందికి దిగితే, ఆరోగ్యవంతులకు రెండు రోజుల్లో తగ్గిపోయే ఇన్ఫెక్షన్ ఈ పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. ఒంట్లో పోరాడే కణాలు లేనప్పుడు చీము పట్టడం, గొంతు ఎర్రబడటం లాంటి గుర్తులు కూడా సరిగ్గా కనిపించవు. ఒక్కోసారి జ్వరమొక్కటే హెచ్చరిక.

ఆటలమ్మ విషయం విడిగా చెప్పుకోవాలి. చికెన్‌పాక్స్ వైరస్ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటుతుంది. అంటే వచ్చినవారికే తమకు జబ్బుందని తెలియదు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల్లో ఇది ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకవచ్చు. అలాంటి వ్యక్తి దగ్గర గడిపినట్టు తేలితే పిల్లలకు వీలైనంత త్వరగా రక్షణ మందులు ఇవ్వాల్సి వస్తుంది, కీమో వాయిదా పడొచ్చు. అమెరికాలో 1990ల మధ్య నుంచి పిల్లలకు ఈ టీకా మామూలుగా వేస్తున్నారు. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. పైగా ఉష్ణమండల దేశాల్లో చిన్నతనంలో ఆటలమ్మ రాకుండానే పెద్దయ్యేవారు ఎక్కువ. కాబట్టి "చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా, టీకా వేయించుకున్నారా?" అన్న ప్రశ్న ఇక్కడి వాలంటీరుకు మరింత అవసరం. తట్టు, ఫ్లూ సంగతీ అంతే.

ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు చిన్న దెబ్బకే రక్తస్రావం అవుతుంది కనుక గుద్దుకునే ఆటలు ఆడించరు. ఛాతీలో పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉన్న పిల్లల్ని చంకల కింద చేతులేసి పైకెత్తి తిప్పడం కుదరదు. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు వాడుతున్నవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. బయటి నుంచి తెచ్చిన క్రీమ్ కేకు, కోసి ఉంచిన పండ్లు, తాజా పూలగుత్తులు వద్దనడానికి కారణం వాటి మీద ఉండే సూక్ష్మజీవులు. ఇదంతా క్యాంపు మొదలయ్యే ముందు శిక్షణలో చెబుతారు. ఒక పూటకు వచ్చి వెళ్లే ఇరవై మందికి ఇదంతా నేర్పడానికే ఆ పూట సరిపోతుంది.

ఫలితాలు ఎంతవరకు నిజం

క్యాంపులకు వెళ్లొచ్చిన పిల్లల్లో ధైర్యం, కొత్త పనులకు ముందుకు రావడం, స్నేహాలు పెరిగాయని తల్లిదండ్రులు చెప్పినట్టు పరిశోధనలు చూపుతున్నాయి. సీరియస్‌ఫన్ క్యాంపుల మీద అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చైల్డ్ స్టడీ సెంటర్ చేసిన పరిశీలన అలాంటిదే. అయితే ఈ రంగంలోని చాలా అధ్యయనాలకు పరిమితులున్నాయి. పాల్గొన్న పిల్లల సంఖ్య తక్కువ, క్యాంపుకు వెళ్లని పిల్లలతో పోల్చి చూసినవి ఇంకా తక్కువ. మార్పు ఎక్కువగా తల్లిదండ్రుల మాటల మీద ఆధారపడి కొలిచినది. వెళ్లొచ్చిన కొత్తలో కనిపించిన ఉత్సాహం నెలల తర్వాత ఎంత మిగిలిందన్న దాంట్లో ఫలితాలు ఒకేలా లేవు. క్యాంపు కణితిని కరిగించదు, అలా చెప్పుకునే సంస్థను నమ్మకూడదు. పిల్లవాడు చికిత్సను తట్టుకునే తీరును, కుటుంబం ఊపిరి పీల్చుకునే తీరును అది మారుస్తుందనడానికి మాత్రం కొంత ఆధారం ఉంది.

మన దగ్గర బొమ్మ వేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలు, కౌమార వయస్కులు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో 80 శాతం పైగా కోలుకుంటుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో అది 30 శాతం లోపే. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం పిల్లలు బతకాలన్న లక్ష్యాన్ని ఆ సంస్థ 2018లో పెట్టుకుంది. తేడాకు కారణాల్లో జబ్బు ఆలస్యంగా బయటపడటం, మందుల కొరతతో పాటు, చికిత్సను మధ్యలో మానేయడం కూడా ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చివరి కారణం ఎలా పుడుతుందో చూడాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా ఆసుపత్రి లాంటి కొద్ది చోట్లకు జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) వల్ల చికిత్స ఖర్చు చాలావరకు తీరుతుంది. కానీ తల్లో తండ్రో నెలల తరబడి నగరంలో ఉండాలి. పోయిన కూలి, గది అద్దె, ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలేసిన రెండో బిడ్డ, కోతకొచ్చిన పొలం, ఇవేవీ ఏ పథకంలోనూ పూర్తిగా ఇమడవు. మొదటి నెల కీమో అయ్యాక పిల్లవాడు హుషారుగా కనిపించగానే "తగ్గిపోయింది కదా" అని ఊరెళ్లిపోయే కుటుంబాలు ఉండేది అందుకే. ఏఎల్ఎల్‌లో అక్కడ ఆగిపోతే జబ్బు తిరగబెడుతుంది.

కాబట్టి ఇక్కడ అందరికన్నా ముందు తీరాల్సిన అవసరం బస. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ అనే సంస్థ 2006లో ముంబైలో మొదలై హైదరాబాద్, విశాఖ సహా చాలా నగరాల్లో చికిత్స కోసం వచ్చిన కుటుంబాలకు ఉచిత వసతి ఇస్తోంది. క్యాన్‌కిడ్స్ సంస్థ 2004 నుంచి కుటుంబాలకు అండగా ఉంటోంది. కడిల్స్ ఫౌండేషన్ పిల్లల పోషణ మీద పనిచేస్తోంది. విదేశీ క్యాంపు వారం రోజుల్లో ఇచ్చేది, ఇక్కడ ఇలాంటి కేంద్రాల్లో, వార్డుల్లోని ఆటగదుల్లో కొంచెం కొంచెంగా నెలల తరబడి జరగాలి. అడవిలో చెక్క ఇళ్లు, గుర్రపు స్వారీ లేకపోయినా అసలు సూత్రం పనిచేస్తుంది. కుడి చేతికి సెలైన్ సూది ఉన్న పిల్ల ఎడమ చేత్తో బొమ్మ వేస్తుంటే, కాగితం జారిపోకుండా పట్టుకుని "ఏ రంగు వేద్దాం?" అని అడిగే మనిషి చాలు. అక్కడా ఎంపిక ఆ పిల్లదే.

ఇక్కడి వాలంటీరు చేయగల పనులు చాలావరకు సాదాసీదావి. బడి మానేసిన పిల్లలకు రోజూ గంటసేపు పాఠం చెప్పడం వాటిలో ముఖ్యమైనది. రెండేళ్ల తర్వాత బడికి తిరిగి వెళ్లడమా మానేయడమా అన్నది తరచుగా దీని మీదే తేలుతుంది. విశాఖకు ఒడిశా నుంచి, హైదరాబాద్‌కు కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచి వచ్చేవారికి భాష రాదు. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, స్కానింగ్‌కు ఏ అంతస్తుకు వెళ్లాలో చెప్పి వెంట వెళ్లే మనిషి వాళ్లకు పెద్ద ఆసరా. వరసగా తొమ్మిది రోజులు వార్డులో ఉన్న తల్లి స్నానం చేసి నాలుగు మెతుకులు తిని వచ్చేదాకా, నర్సుకు తెలిపి బిడ్డ పక్కన కూర్చోవడం కూడా సేవే.

ప్లేట్‌లెట్ల దానం సంగతి చాలామందికి తెలియదు. సేకరించిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. ఒక దాత నుంచి యంత్రంతో తీసే పద్ధతిలో గంట, గంటన్నర పడుతుంది. పరాయి ఊళ్లో దాతను వెతుక్కోవడం కుటుంబాలకు పెద్ద టెన్షన్. పిలిస్తే వచ్చే దాతల జాబితా ఒకటి ఆసుపత్రి దగ్గర ఉంటే ఆ పరుగు తప్పుతుంది. ఒకేరోజు అందరూ వచ్చి ఇచ్చే శిబిరం కన్నా, ఏడాది పొడవునా వంతులవారీగా వచ్చే కొద్దిమంది దీనికి ఎక్కువ ఉపయోగపడతారు.

ఒక్క పూట సందర్శనలతో ఇబ్బంది

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం ఒక పరిమాణం దాటిన కంపెనీలు సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టాలి. ఉద్యోగులు సేవకు ఇచ్చిన సమయానికి విలువ కట్టి ఆ ఖర్చులో చూపడం మాత్రం కుదరదు. అయినా నిధులు ఇచ్చే కంపెనీ ఉద్యోగులు ఒకసారి వచ్చి చూస్తామంటే సంస్థలు కాదనలేని పరిస్థితి ఉంటుంది. సేవ చేయాలన్న ఆ ఉద్యోగుల కోరిక నిజమైనదే. కానీ ఆ పూట ఏర్పాట్లకు నర్సులు, సామాజిక కార్యకర్తల సమయం పోతుంది, పిల్లల నిద్ర పోతుంది, వరసగా మూడు బృందాలొస్తే మూడు కేకులొస్తాయి. ఆ తర్వాత నెలల తరబడి ఎవరూ రారు.

అన్నిటికన్నా ఎక్కువ హాని ఫొటోలతో జరుగుతుంది. మన సమాజంలో ఆడపిల్లకు క్యాన్సర్ వచ్చిందని తెలిస్తే రేపు పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని భయపడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. జబ్బు సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పకుండా "కామెర్లు" అని చెప్పి తీసుకొచ్చేవారూ ఉంటారు. గుండుతో, మాస్కుతో ఉన్న పాప ఫొటో ఒక సెల్ఫీలో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళితే దాన్ని వెనక్కి తీసుకురావడం ఎవరి వల్లా కాదు. పదిహేనేళ్ల తర్వాత, పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి కూడా అది అడ్డు తగలొచ్చు. సాయం అందుకుంటున్న తల్లి "ఫొటో తీయొచ్చా?" అంటే కాదని చెప్పగలిగే స్థితిలో ఉండదు. ఆమె తలూపినంత మాత్రాన దాన్ని అనుమతి అనుకోకూడదు.

భద్రత విషయంలో ఐర్లండ్‌లో పోలీసుల తనిఖీ పూర్తికాకుండా పిల్లలతో పనిచేయనివ్వరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ, అమెరికాలోనూ అలాంటి పరిశీలన ఉంటాయి. మన దగ్గర అడిగితే పోలీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్ దొరుకుతుంది, కానీ వాలంటీర్ల దగ్గర దాన్ని అడగడం అన్ని చోట్లా ఒకేలా లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా శిక్షార్హమే. ఈ బాధ్యత వాలంటీరుకూ వర్తిస్తుంది. సాయం కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉంది. తన దగ్గర ఏ తనిఖీ చేయకుండా వార్డులోకి పంపే సంస్థ గురించి వాలంటీరే ఆలోచించుకోవడం మంచిది.

కోల్పోయినప్పుడు

క్యాంపుకు వచ్చిన పిల్లలందరూ మరుసటి ఏడాది రారు. వారం వారం పాఠం చెప్పిన బాబు మంచం ఒకరోజు ఖాళీగా కనిపించవచ్చు. అనుభవమున్న సంస్థలు దీన్ని మొదటి శిక్షణలోనే చెబుతాయి, విడత ముగిశాక వాలంటీర్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తాయి. తన ఇంట్లో ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవారిని, తాము చికిత్స ముగించుకుని ఎక్కువ కాలం కానివారిని కొంతకాలం ఆగమనడం కూడా వారి మేలు కోరే. క్యాన్సర్ నుంచి బయటపడి పెద్దవారైనవాళ్లు తర్వాత వాలంటీర్లుగా తిరిగి వస్తే వారికి సాటి లేదు. ముంబైలో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ అండతో నడిచే 'ఉగమ్' అలా కోలుకున్నవారి బృందమే.

దరఖాస్తు చేయాలనుకునేవారికి

అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థులకు దగ్గరి దారి తరచుగా 'కెసెమ్'. 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ సంస్థ తల్లికో తండ్రికో క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం ఉచిత వేసవి క్యాంపులు పెడుతుంది. విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థి శాఖలే నిధులు సేకరించి వాటిని నడుపుతాయి. పిల్లలకు జబ్బు ఉండదు కాబట్టి వైద్యపరమైన షరతులు తక్కువ, ఏడాది పొడవునా చేయాల్సిన పని ఎక్కువ. పిల్లలే రోగులైన క్యాంపులకు వేసవి దరఖాస్తులు నెలల ముందే మొదలవుతాయి, సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ ఉంటాయి. వీసా మీద ఉన్నవారు జీతం లేని సేవ అయినా ముందు విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగడం మేలు.

హైదరాబాద్‌లో, విశాఖలో అయితే దారి ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్త దగ్గరో, వసతి కేంద్రం నిర్వాహకుల దగ్గరో మొదలవుతుంది. ముందుగా తేల్చుకుని వెళ్లాల్సినవి: వారంలో ఏ రోజు, ఏ వేళ తప్పకుండా రాగలరు, ఎన్ని నెలలు రాగలరు, తెలుగు కాక ఇంకే భాష వచ్చు, ఆటలమ్మ వచ్చిందా లేక టీకా వేయించుకున్నారా. పరీక్షల వేళ, ప్రాజెక్టు గడువుల వేళ కూడా నిలబెట్టుకోగల రోజు ఒక్కటే చెప్పినా ఫరవాలేదు, మొదట మూడు నెలలకు ఒప్పుకుని తర్వాత పొడిగించుకోవచ్చు. జలుబు చేసిన వారం మాత్రం ఫోన్ చేసి చెప్పి, ఇంట్లోనే ఉండిపోవాలి.